స్పీకర్ ఓమ్‌లు, ఆంప్ ఓమ్‌లు: దేనికి ఏది తగిలించాలి?

అందరికీ నమస్కారం.

గిటార్ ఆంప్ (ఆంప్లిఫయర్) అయినా, బేస్ ఆంప్ అయినా, కీబోర్డు ఆంప్ అయినా వెనక్కి తిప్పి చూస్తే స్పీకర్ జాక్ పక్కన ఒక అంకె కనిపిస్తుంది. 4, 8, 16, అప్పుడప్పుడు 2. పక్కన ఒమేగా గుర్తు, అంటే ఓమ్‌లు, కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత. స్పీకర్ బాక్స్ వెనకా అలాంటి అంకే ఉంటుంది. ఈ రెండిటినీ ఎలా కలపాలన్నదే ఈరోజు విషయం. వాయించేవాళ్లు తీగల గురించి, పికప్‌ల గురించి, పెడల్స్ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. ఈ అంకె దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో చెప్పిన మాట పట్టుకుని కానిచ్చేస్తారు. ఆ చెప్పినాయన అబద్ధం చెప్పి ఉండడు. తన ఆంప్‌కి పనికొచ్చిన మాటే చెప్పి ఉంటాడు. అది మీ ఆంప్‌కి పనికిరాకపోవచ్చు, చిక్కంతా అదే.

అందుకే ముందుగా ఒక మాట చెప్పేస్తాను. ఓమ్‌ల లెక్క మొదలుపెట్టే ముందు మీది ట్రాన్సిస్టర్ ఆంపా, వాల్వ్ ఆంపా తెలుసుకోండి. వాల్వ్ అంటే లోపల వెలిగే గాజు గొట్టం, ట్యూబ్ ఆంప్ అన్నా, వాల్వ్ ఆంప్ అన్నా ఒకటే. ఈ రెండు రకాలకూ గండాలు వేరు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కు స్పీకర్ అసలు తగిలించకపోయినా మామూలుగా ఏమీ కాదు, ఓమ్‌లు మరీ తగ్గితే మాత్రం కాలిపోతుంది. వాల్వ్ ఆంప్‌కు స్పీకర్ లేకుండా వాయించడమే అన్నిటికంటే పెద్ద గండం. మొదటి దాని అలవాటు రెండో దాని మీద ప్రయోగిస్తే ఖరీదైన భాగం పోతుంది.

ఇప్పుడు ఈ మీటర్ చూడండి. మామూలు డిజిటల్ మల్టీమీటర్, 200 ఓమ్‌ల రేంజ్‌లో పెట్టాను. ఇది పన్నెండు అంగుళాల గిటార్ స్పీకర్ ఉన్న బాక్స్, వెనక 8 ఓమ్‌లు అని ఉంది. స్పీకర్ వైరు ఒక కొస బాక్స్‌లో ఉంది, రెండో కొస ఆంప్‌కి తగిలించకుండా నా చేతిలో ఉంది. పిన్ను మొనకు ఒక ప్రోబ్, మొదలుకు ఒక ప్రోబ్ ఆనిస్తున్నాను. 6.6 చూపిస్తోంది. ఎనిమిది అని రాసి ఉన్నచోట ఆరున్నర వస్తే స్పీకర్ పాడైందని కంగారు పడకండి. మీటర్ కొలిచేది డీసీ నిరోధం, అంటే లోపలి రాగి తీగ నిరోధం మాత్రమే. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 6 నుంచి 7 మధ్య, 16 ఓమ్‌ల దానికి 12, 13 దగ్గర, 4 ఓమ్‌ల దానికి 3 పైచిలుకు వస్తాయి. లేబుల్ ఊడిపోయిన పాత బాక్స్ చేతికొస్తే ఇలా కొలిచి, ఆ పైనున్న 4, 8, 16లలో దగ్గరిది ఏదో చూసుకుంటే చాలు. ఆంప్ విప్పక్కర్లేదు, బాక్స్ విప్పక్కర్లేదు.

ఇంకొకటి చూడండి. ప్రోబ్‌లు అలాగే ఉంచి, వేళ్లతో స్పీకర్ ముందున్న కాగితపు కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కుతున్నాను. అంకె ఊగుతోంది. కోన్‌కు అతికి ఉన్న రాగి తీగ చుట్ట, అంటే కాయిల్, అయస్కాంతంలో కదిలితే కరెంటు పుడుతుంది, మీటర్ దాన్ని పట్టుకుంటోంది. స్పీకర్ ఉత్త రాగి చుట్ట అయితే ఇలా జరగదు. మీరు వాయిస్తున్నప్పుడు కూడా కోన్ కదిలి ఆంప్‌కి ఎదురు వోల్టేజీ పంపుతూనే ఉంటుంది. అందుకే సంగీతం నడుస్తున్నప్పుడు స్పీకర్ చూపించే అడ్డు ఒక స్థిరమైన అంకె కాదు. దాన్నే ఇంపెడెన్స్ అంటాం. స్వరం మారితే అదీ మారుతుంది.

ఎంత మారుతుందో ఒక ఉదాహరణ. గిటార్ స్పీకర్ తనంతట తాను ఊగడానికి ఇష్టపడే ఫ్రీక్వెన్సీ ఒకటుంటుంది, సాధారణంగా 75 నుంచి 100 హెర్ట్జ్ మధ్య. అక్కడ 8 ఓమ్‌ల స్పీకర్ ఇంపెడెన్స్ 50 ఓమ్‌లు కూడా దాటొచ్చు. గిటార్‌లో లావు తీగను ఖాళీగా మీటితే వచ్చేది దాదాపు 82 హెర్ట్జ్. అంటే మీరు లావు తీగ మీటిన ప్రతిసారీ మీ 8 ఓమ్‌ల స్పీకర్ ఎనిమిది దగ్గర లేదు. ఆ పైన మూడు నాలుగు వందల హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఇంపెడెన్స్ బాగా కిందికి దిగుతుంది, లేబుల్ మీద రాసేది సుమారుగా ఆ అడుగు విలువనే. ఇంకా పైకి పోతే కాయిల్ ఇండక్టెన్స్ వల్ల, అంటే మారే కరెంటును చుట్ట అడ్డుకునే గుణం వల్ల, మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి 8 అన్నది ఒక పేరు లాంటిది. అయినా దాన్ని నమ్మాలి, ఎందుకంటే ఆంప్ తయారుచేసినవాళ్లు ఆ పేరునే లెక్కలోకి తీసుకున్నారు.

ఇక ట్రాన్సిస్టర్ ఆంప్. ఇది తొందరగా తేలిపోయే సంగతి. ఇది వోల్టేజీ ఇస్తుంది, ఎంత కరెంటు లాక్కోవాలో స్పీకర్ నిర్ణయిస్తుంది. వాల్యూమ్ ఒకచోట పెడితే 20 వోల్టులు వస్తున్నాయనుకోండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు రెండున్నర ఆంపియర్లు, 50 వాట్లు. 4 ఓమ్‌లకు 5 ఆంపియర్లు, 100 వాట్లు. 2 ఓమ్‌లు పెడితే 10 ఆంపియర్లు, కాగితం మీద 200 వాట్లు. కానీ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, వాటి వేడిని లాగేసే హీట్ సింక్, పవర్ సప్లై 5 ఆంపియర్ల కోసం కట్టినవైతే ఆ పది ఎక్కడినుంచి వస్తాయి? మంచి ఆంప్‌లో రక్షణ సర్క్యూట్ పని చేసి సౌండ్ ఆగిపోతుంది. అది లేని ఆంప్‌లో ట్రాన్సిస్టర్లు షార్ట్ అవుతాయి, అప్పుడు డీసీ, అంటే ఒకే దిశలో పోయే కరెంటు, నేరుగా స్పీకర్‌లోకి వెళ్లి కాయిల్‌ను కూడా మాడుస్తుంది. అందుకే ట్రాన్సిస్టర్ ఆంప్ వెనక రాసేది కనీస విలువ. 4 అని ఉంటే 4 కానీ అంతకంటే ఎక్కువ కానీ అని అర్థం. 8 పెట్టొచ్చు, 16 పెట్టొచ్చు, వాట్లు తగ్గుతాయి, అంతే.

ఆ తగ్గడం గురించి కూడా జనం అనవసరంగా టెన్షన్ పడతారు. 4 ఓమ్‌లకు 100 వాట్లిచ్చే ఆంప్ 8 ఓమ్‌లకు తరచుగా 60, 70 వాట్లిస్తుంది. ఖచ్చితంగా సగానికి పడదు, ఎందుకంటే లోడ్, అంటే ఆంప్ మోసే స్పీకర్ భారం, తేలికైనప్పుడు పవర్ సప్లై వోల్టేజీ అంతగా కుంగదు. ఒకవేళ సగానికి సగం తగ్గినా అది 3 డెసిబెళ్లే. చెవికి తెలుస్తుంది, కానీ సౌండ్ సగమైపోయినట్టు అనిపించదు. స్పీకర్ల మధ్య ఉండే తేడా ఇంతకంటే ఎక్కువ పని చేస్తుంది. ఒక వాట్‌కు, ఒక మీటరు దూరంలో 97 డెసిబెళ్లిచ్చే స్పీకర్ తీసేసి 100 ఇచ్చేది బిగిస్తే, ఆంప్ వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. సౌండ్ చాలడం లేదని ఓమ్‌లు తగ్గించి ఆంప్‌ను కష్టపెట్టేకంటే ఇది మేలైన దారి.

ఈమధ్య బేస్ వాయించేవాళ్ల చేతుల్లో కనిపించే తేలికపాటి క్లాస్ డి (ట్రాన్సిస్టర్లను స్విచ్‌లా ఆన్, ఆఫ్ చేసే రకం) ఆంప్‌లదీ ఇదే పద్ధతి. ఒకటే జాగ్రత్త. వాటిలో కొన్ని బ్రిడ్జ్ పద్ధతిలో ఉంటాయి, అంటే స్పీకర్ జాక్ రెండు వైపులా సిగ్నల్ ఉంటుంది, ఏదీ గ్రౌండ్ కాదు. ఆ జాక్ నుంచి తీగ లాగి మిక్సర్‌కో, ఇంకో ఆంప్‌కో ఇవ్వకూడదు.

ఇప్పుడు వాల్వ్ ఆంప్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం నిలబడాలి.

వాల్వ్ అధిక వోల్టేజీతో, తక్కువ కరెంటుతో పని చేస్తుంది. నాలుగైదు వందల వోల్టులు, కొన్ని వందల మిల్లీ ఆంపియర్లు. స్పీకర్‌కు కావలసింది దీనికి తలకిందులు. పై లెక్కలోనే చూశాం, 100 వాట్లకు 4 ఓమ్‌ల దగ్గర 20 వోల్టులు, 5 ఆంపియర్లు. మధ్యలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది ఇందుకే. రెండు 6ఎల్6 వాల్వులున్న ఆంప్‌ను తీసుకుందాం. ఆ జంట హాయిగా పని చేయడానికి వాటికి దాదాపు 4000 ఓమ్‌ల లోడ్ కనిపించాలి. మన దగ్గరున్నది 8 ఓమ్‌లు. 4000ను 8తో భాగిస్తే 500. చుట్ల నిష్పత్తి దాని వర్గమూలం, అంటే సుమారు 22. ప్రైమరీలో, అంటే వాల్వుల వైపు, 22 చుట్లు, సెకండరీలో, అంటే స్పీకర్ వైపు, ఒక చుట్టు అన్న నిష్పత్తిలో చుడితే 8 ఓమ్‌ల స్పీకర్ వాల్వుల కళ్లకు 4000 ఓమ్‌లలా కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది తప్పుగా పట్టుకునే విషయం ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు సొంతంగా 8 ఓమ్‌లు అంటూ ఏమీ లేవు. దానికి తెలిసింది నిష్పత్తి ఒక్కటే. అదే 8 ఓమ్‌ల జాక్‌కు 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే వాల్వులకు 2000 కనిపిస్తుంది. 16 తగిలిస్తే 8000. స్పీకర్ తీసేస్తే అంతులేని అడ్డు.

2000 కనిపించినప్పుడు వాల్వుల గుండా పోయే కరెంటు ఎక్కువవుతుంది, స్పీకర్‌కు చేరే పవర్ తగ్గుతుంది, మిగిలింది వాల్వుల లోపలి ప్లేట్ల మీద వేడిగా పోతుంది. వాల్వులు త్వరగా అరుగుతాయి. 8000 కనిపించినప్పుడు కరెంటు తగ్గుతుంది, కానీ ప్లేట్ల దగ్గర వోల్టేజీ ఊపు పెరుగుతుంది. ప్లేట్ వోల్టేజీ బాగా కిందికి వచ్చిన క్షణాల్లో వాల్వ్ లోపలే ఉండే స్క్రీన్ గ్రిడ్ ఆ కరెంటును తన మీదికి లాక్కుంటుంది. అది సన్నని తీగ, ఎక్కువ వేడి తట్టుకోలేదు.

స్పీకరే లేకుండా గట్టిగా వాయిస్తే? ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో పారుతున్న కరెంటు వాల్వ్ మూసుకున్న క్షణంలో ఒక్కసారిగా తెగుతుంది. ఆ అయస్కాంత శక్తి పోవడానికి దారి కావాలి. స్పీకర్ ఉంటే అటు పోయేది. లేదు కాబట్టి వోల్టేజీ రూపంలో పైకి లేస్తుంది, మామూలుగా ఉండే వందల వోల్టులను దాటి వేలల్లోకి వెళ్తుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ స్పార్క్ కొడుతుంది.

అలా దెబ్బతిన్న సాకెట్ ఒకటి ఇక్కడ పెట్టాను, దగ్గరికి వచ్చి చూడండి. ఎనిమిది పిన్నుల సాకెట్, ఈఎల్34 అనే వాల్వ్ పెట్టేది. మూడో నంబరు పిన్ను ప్లేట్, పక్కనున్న రెండో నంబరు హీటర్. ఈ రెండిటి మధ్య నల్లటి సన్నని గీత కనిపిస్తోందా? స్పార్క్ నడిచిన దారి అది. సాకెట్ బేకలైట్ (గట్టి ప్లాస్టిక్) మాడి బొగ్గయింది. బొగ్గు కరెంటును పోనిస్తుంది, కాబట్టి ఈ సాకెట్‌లో కొత్త వాల్వ్ పెట్టినా మళ్లీ అదే దారిన కొడుతుంది. తుడిస్తే పోదు, సాకెట్ మార్చాల్సిందే. ఈ ఆంప్ యజమాని ఒక రకంగా గట్టెక్కినట్టే, ఎందుకంటే స్పార్క్ బయట కొట్టింది. అదే ట్రాన్స్‌ఫార్మర్ లోపల, పొరల మధ్య ఇన్సులేషన్‌ను చీల్చుకుని కొట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే మార్చాలి. వాల్వ్ ఆంప్‌లో అన్నిటికంటే ఖరీదైన భాగాల్లో అదొకటి, టోన్‌లో సగం మర్మం దానిలోనే ఉంటుంది.

అందుకే నన్నడిగితే, వాల్వ్ ఆంప్‌కి స్పీకర్ అంకె, జాక్ అంకె ఒకటే ఉండాలి. ఎప్పుడో తప్పనిసరై ఒక మెట్టు తేడా వస్తే, చాలా ఆంప్‌లు ఆ ఒక్క సాయంత్రానికి తట్టుకుంటాయి. రెండు మెట్లు, అంటే 4 ఉండాల్సిన చోట 16 పెట్టడం, వద్దు. ఆ ఒక్క మెట్టు కూడా ఎటువైపు అంటే, ఓమ్‌లు తక్కువున్న స్పీకర్ వైపే మొగ్గుతాను. తక్కువైతే నష్టపోయేది ముఖ్యంగా వాల్వులు, వాటిని మార్చుకోవచ్చు. ఎక్కువైతే ఇన్సులేషన్ మీద ఒత్తిడి పడుతుంది. మాన్యువల్‌లో వేరేగా రాసి ఉంటే మాత్రం మాన్యువల్ మాటే వినండి.

తయారీదారులు కూడా ఈ గండాన్ని లెక్కలోకి తీసుకున్నారు. చాలా ఫెండర్ వాల్వ్ ఆంప్‌లలో మెయిన్ స్పీకర్ జాక్‌ను చూడండి. పిన్ను తీసేయగానే లోపలి ఆకు తగిలి అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది. వాల్వ్ ఆంప్‌కి కాసేపు షార్ట్ అవడం కంటే ఖాళీగా ఉండడమే ప్రమాదం కాబట్టి అలా పెట్టారు. దీనివల్ల ఒక తికమక వస్తుంది. మెయిన్ జాక్ ఖాళీగా వదిలి ఎక్స్‌టెన్షన్ జాక్‌లో స్పీకర్ పెడితే సౌండే రాదు, ఎందుకంటే మెయిన్ జాక్ దాన్ని షార్ట్ చేసి కూర్చుంది. ఆంప్ పోయిందని గాభరా పడకండి. వైరును మెయిన్ జాక్‌లోకి మార్చండి. చాలా మార్షల్ వంద వాట్ల హెడ్‌లలో (స్పీకర్ లేని విడి ఆంప్‌లలో) అయితే 4, 8, 16 అని సెలెక్టర్ స్విచ్ ఉంటుంది. ఆంప్ నడుస్తుండగా దాన్ని తిప్పకండి. ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి మారే మధ్యలో ఒక క్షణం స్పీకర్ తెగిపోతుంది, ఆ క్షణం చాలు.

ఇక స్పీకర్లను కలపడం. సూత్రం మీకు తెలిసిందే. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపితే ఓమ్‌లు కూడతాయి, ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన, కలిపితే తగ్గుతాయి. 8, 8 సిరీస్‌లో 16, ప్యారలల్‌లో 4. ఆంప్ వెనక రెండు స్పీకర్ జాక్‌లుంటే అవి దాదాపు ఎప్పుడూ ప్యారలల్‌లోనే ఉంటాయి. రెండు 16 ఓమ్‌ల బాక్స్‌లు పెడితే వాల్వ్ ఆంప్ సెలెక్టర్‌ను 8 మీదికి తిప్పాలి. 8 ఓమ్‌ల బాక్స్, 4 ఓమ్‌ల బాక్స్ కలిపితే 2.67 వస్తుంది. కనీసం 4 అని రాసున్న ట్రాన్సిస్టర్ ఆంప్‌కి ఇది చాలా తక్కువ. పైగా పవర్ సమానంగా పంచుకోవు. ప్యారలల్‌లో ఓమ్‌లు తక్కువున్నది ఎక్కువ తింటుంది. వంద వాట్లలో 67 ఆ నాలుగు ఓమ్‌ల దానికే పోతాయి, ఎనిమిది దానికి 33. చిన్న బాక్స్ 4 ఓమ్‌లది, పెద్ద బాక్స్ 8 ఓమ్‌లది అయితే పాపం చిన్నదే దెబ్బ తింటుంది.

నాలుగు స్పీకర్ల గిటార్ బాక్స్‌లో మామూలుగా రెండేసి సిరీస్, ఆ రెండు జతలు ప్యారలల్. నాలుగు 16 ఓమ్‌ల స్పీకర్లు అలా కలిపితే మళ్లీ 16. ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ. ఒక స్పీకర్ కాయిల్ తెగిందనుకోండి. దానితో సిరీస్‌లో ఉన్నదీ మూగబోతుంది. మిగిలింది ఒక్క జత, 32 ఓమ్‌లు. ఆంప్ సెలెక్టర్ 16 మీదే ఉంది. సౌండ్ వస్తూనే ఉంటుంది, కాస్త పలచబడుతుంది. వాయించేవాళ్లు ఏం చేస్తారు? వాల్యూమ్ పెంచుతారు. ఇప్పుడు ఆంప్ రెట్టింపు లోడ్ మీద, గరిష్ఠ స్థాయిలో నడుస్తోంది, మిగిలిన రెండు స్పీకర్లు నాలుగిటి బరువు మోస్తున్నాయి. అందుకే బాక్స్ సౌండ్ ఉన్నట్టుండి మారితే ముందు ఆపండి. ఒక్కో కోన్ మీద అరచెయ్యి ఆనించి మెల్లగా వాయించి చూడండి, అదరనిది ఏదో తెలిసిపోతుంది.

దీనికి పూర్తిగా వేరే దారి పట్టినది ఆంపెగ్ ఎస్‌వీటీ బేస్ ఆంప్‌తో వాడే పెద్ద బాక్స్. ఆ 300 వాట్ల వాల్వ్ ఆంప్ 1969లో వచ్చింది. దాని బాక్స్‌లో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది, ఒక్కోటి 32 ఓమ్‌లు, అన్నీ ప్యారలల్. 32ను 8తో భాగిస్తే 4. అందులో ఒక స్పీకర్ పోతే లోడ్ 4.6 దగ్గరికి వస్తుంది, ఆంప్‌కి తేడా కూడా తెలీదు. రోజూ లారీ ఎక్కి దిగే సామానుకు ఇలాంటి ఆలోచన ఎంత అవసరమో వేదికల మీద పని చేసినవాళ్లకు తెలుసు.

బాక్స్‌లో స్పీకర్ మార్చేటప్పుడు ప్లస్, మైనస్ కూడా చూడండి. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు ఒక క్షణం ఆనిస్తే మామూలుగా కోన్ ముందుకు కదలాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతుంటే బేస్ అంతా మాయమవుతుంది, ఓమ్‌లు మాత్రం సరిగ్గానే చూపిస్తాయి.

గిటార్ వైరునే స్పీకర్‌కి వాడొచ్చా అని అడుగుతున్నారు. గిటార్ వైరూ స్పీకర్ వైరూ బయటికి ఒకేలా ఉంటాయి, పిన్ను కూడా అదే 6.35 మిల్లీమీటర్లది. కానీ గిటార్ వైరులో మధ్య తీగ సన్నగా ఉంటుంది, అది మిల్లీవోల్టుల సిగ్నల్ కోసం చేసింది. దాని గుండా 5 ఆంపియర్లు పంపితే వేడెక్కుతుంది, ఎక్కడో ఒకచోట తెగుతుంది. వాల్వ్ ఆంప్‌కి వైరు తెగడమంటే స్పీకర్ లేకపోవడమే. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు పక్కపక్కన ఉన్న స్పీకర్ వైరు రెండు మీటర్లు తీసుకుంటే, పోయి వచ్చే దారి మొత్తానికి నిరోధం 0.05 ఓమ్ దగ్గర ఉంటుంది. అది చాలు. స్పీకర్ వైరుకు రంగు టేపు చుట్టి పెట్టుకోండి, చీకట్లో వేదిక మీద తడుముకునేటప్పుడు అదే కాపాడుతుంది.

వెనక నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది: ఇంట్లో రాత్రిపూట స్పీకర్ లేకుండా వాల్వ్ ఆంప్‌ను రికార్డు చేయాలంటే ఎలా? లోడ్ బాక్స్ వాడండి. స్పీకర్‌కు బదులు అది ఆ పవర్‌ను తీసుకుంటుంది. దాని ఓమ్‌లు కూడా జాక్ అంకెతో కలవాలి. వాట్లు మాత్రం ఆంప్ మీద రాసినదానికంటే బాగా ఎక్కువ ఉన్నది కొనండి, ఎందుకంటే 50 వాట్ల వాల్వ్ ఆంప్‌ను పూర్తిగా డిస్టార్షన్‌లోకి తోస్తే 50 దాటే ఇస్తుంది. లోడ్ బాక్స్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, చుట్టూ గాలి ఆడనివ్వండి. ఉత్త రెసిస్టర్ మాత్రమే ఉన్న లోడ్ బాక్స్‌తో సౌండ్ చప్పగా ఉందని కొందరంటారు, అది నిజమే. ఇందాక చెప్పిన 82 హెర్ట్జ్ దగ్గరి ఎత్తు, పైన మళ్లీ ఎక్కే వాలు రెసిస్టర్‌లో ఉండవు. వాల్వ్ ఆంప్ స్వరం ఆ ఎత్తుపల్లాలను అనుసరించి మారుతుంది, అందుకే తేడా వినిపిస్తుంది. కాయిల్, కెపాసిటర్ కలిపి స్పీకర్ ఇంపెడెన్స్‌ను అనుకరించే రియాక్టివ్ లోడ్ బాక్స్‌లు దొరుకుతాయి. వీలుంటే అవే తీసుకోండి. ఏది తీసుకున్నా ముందు లోడ్ బాక్స్ వైరు తగిలించి, పిన్ను లోపలిదాకా దిగిందో లేదో చూసి, ఆ తర్వాతే ఆంప్ ఆన్ చేయండి.